మన పట్టణంలో బేరం పెరగాలంటే: ఛైర్‌పర్సన్లు, కౌన్సిలర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ నుంచి గద్వాల దాకా, పట్టణాల్లో గెలిచి మొదటిసారి కౌన్సిల్‌లో కూర్చున్నవాళ్ళతో కొన్నేళ్ళుగా మాట్లాడుతున్నాను. ఊరు మారినా ప్రశ్నలు పెద్దగా మారవు. ఎక్కువమంది అడిగేవాటికి, నేను చూసినంతలో సరైనవనిపించిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. మేయర్లకు, కార్పొరేటర్లకు కూడా ఇవి పనికొస్తాయి. 2025లో కార్పొరేషన్ అయిన మహబూబ్‌నగర్‌లోనైనా, చిన్న మున్సిపాలిటీలోనైనా కూరగాయల బజారు ఒకేలా తెల్లారుతుంది.

రోడ్లు, మోరీలు, లైట్లు, నీళ్ళు చూసుకోవడమే మా పని కదా. ఊళ్ళో వ్యాపారాలతో మాకేం సంబంధం?

సంబంధం రాజ్యాంగంలోనే ఉంది. 1992 నాటి 74వ సవరణ, పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగ్గ 18 పనులను పన్నెండో షెడ్యూల్‌లో రాసింది. రోడ్లు, నీళ్ళతో పాటు ఆర్థిక, సామాజిక అభివృద్ధి ప్రణాళిక, పట్టణ పేదరికం తగ్గించడం కూడా అందులో ఉన్నాయి. కౌన్సిల్ అజెండాలో ఈ రెండు విషయాలు నెలలతరబడి కనబడకపోతే మన పనిలో సగం వదిలేసినట్టే.

అసలు మోరీని, వ్యాపారాన్ని విడదీయలేం. దసరా ముందు వారం బట్టల బజారులో మోరీ పొంగితే ఆ దుకాణాలకు ఏడాదిలో పెద్ద బేరం పోయినట్టే. వీధిలైటు వెలగకపోతే మిర్చి బజ్జీల బండి ఏడింటికే సర్దుకుంటుంది. మీరు ఇప్పటికే చేస్తున్న పనుల్లో ఏది ముందు, ఏది వెనక అని తేల్చేటప్పుడు ఎవరి సంపాదన ఆగిపోతోందో చూడండి. అక్కడి నుంచే ఈ పని మొదలవుతుంది.

మరి మొదటి అడుగు ఏది? సర్వే చేయించాలా, కన్సల్టెంట్‌ను పెట్టాలా?

రెండూ తర్వాత. ముందు నడవండి. పొద్దున నాలుగున్నరకు లేచి, చేతిలో ఒక నోట్‌బుక్ పట్టుకుని కూరగాయల బజారుకు పోండి.

ఉమ్మడి నల్లగొండలోని ఒక పట్టణంలో, కొత్తగా గెలిచిన ఒక కౌన్సిలరమ్మతో అట్లా వెళ్ళాను. ఇంకా చీకటిగానే ఉంది. పక్క ఊరి నుంచి ఆటోలో దిగిన ఒక పెద్దమ్మ గోనెసంచి పరిచి, తోటకూర, పాలకూర కట్టలు పేర్చి నీళ్ళు చల్లుతోంది. కౌన్సిలరమ్మ పక్కన కూర్చుని, ‘పెట్టుబడి నీదేనా పెద్దమ్మా?’ అని అడిగింది. ‘ఏడున్నయ్ బిడ్డా పైసలు? పొద్దుగాల తొమ్మిది నూర్లు ఇస్తడు, పొద్దుమీకి వెయ్యి కట్టాలె’ అంది పెద్దమ్మ. ఆమె చెబుతుంటే మేము లెక్క రాసుకున్నాం. ఆటోకు రానుపోను అరవై. తైబజారు (బజారులో కూర్చున్నందుకు కట్టే రుసుము) ఇరవై. టాయిలెట్‌కు పోయిన ప్రతిసారీ ఐదు. అప్పు మీద వంద. ఇవన్నీ పోగా ఆ రోజు ఆమె చేతిలో మిగిలింది రెండువందల చిల్లర.

ఆ నాలుగు ఖర్చుల్లో మున్సిపాలిటీ చేతిలో లేనిది ఒక్క ఆటో కిరాయి మాత్రమే. తైబజారు రేటు కౌన్సిల్ పెట్టింది. టాయిలెట్ మున్సిపాలిటీది. గిరిగిరి అప్పు (పొద్దున ఇచ్చి సాయంత్రం వడ్డీతో వసూలు చేసే అప్పు) బదులు బ్యాంకు అప్పు ఇప్పించే దారి కూడా మున్సిపల్ ఆఫీసు గుండానే పోతుంది. కౌన్సిలరమ్మ నోట్‌బుక్ మూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అట్లా వారం తిరిగాక ఊరంతా లెక్క రాయండి. ఏ బజారులో ఎన్ని షట్టర్లు, వాటిలో ఎన్ని మూసి ఉన్నాయి, కిరాయి ఎంత, సరుకు ఎక్కడి నుంచి వస్తోంది, పనిచేసే పిల్లలు ఏ ఊరివాళ్ళు? 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు వేయమంది, ఒక్కోదాంట్లో 15 మంది. చాలాచోట్ల అవి హరితహారం ఫొటోలకే పరిమితమయ్యాయి. ఈ లెక్క పని వాళ్ళకు అప్పగించండి. తమ గల్లీ గురించి వాళ్ళకు తెలిసినంత ఏ కన్సల్టెంట్‌కూ తెలియదు.

‘ఊరి డబ్బు ఊళ్ళోనే తిరగాలి’ అంటారు. అది మాటవరసకేనా, నిజంగా లెక్క ఉందా?

లెక్క ఉంది, సులువైనదే. రెండు ఊళ్ళు అనుకోండి. మొదటి ఊళ్ళో చేతికొచ్చిన ప్రతి వందలో అరవై రూపాయలు మళ్ళీ ఊళ్ళోనే ఖర్చవుతాయి. ఆ అరవైలో ముప్పై ఆరు మళ్ళీ ఊళ్ళోనే. అట్లా చివరిదాకా కూడితే ఒక్క వంద నోటు ఊళ్ళో మొత్తం 250 రూపాయల బేరం చేయిస్తుంది. రెండో ఊళ్ళో ప్రతి వందలో ఇరవై రూపాయలే ఆగుతాయి. అక్కడ అదే నోటు చేయించే బేరం 125 రూపాయలు. వచ్చిన డబ్బు ఒకటే, బేరం మాత్రం సగం.

మన పట్టణాల నుంచి డబ్బు ఎట్లా పోతుందో అందరికీ తెలుసు. పెళ్ళి బట్టలకు హైదరాబాద్, స్కానింగ్‌కు హైదరాబాద్, ఇంటర్ కోచింగ్‌కు హైదరాబాద్. నల్లగొండవాళ్ళకు దిల్‌సుఖ్‌నగర్ పక్క వీధిలా అయిపోయింది. దీన్ని పూర్తిగా ఆపలేం, ఆపాల్సిన పనీ లేదు. కానీ మున్సిపాలిటీ తానే కొనే బెంచీలు, యూనిఫారాలు, మొక్కలు, సమావేశాలకు టిఫిన్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. నిబంధనలు ఒప్పుకునే చిన్న కొనుగోళ్ళు ఊళ్ళోనే చేయొచ్చు. 2024లో రాష్ట్రమంతటా బడి యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు. మన వార్డుల్లోని ఆడవాళ్ళకే ఆ కూలి దక్కింది. అట్లాంటి పని ఇంకేం ఉందని ప్రతి బిల్లు దగ్గరా అడగాలి.

మా ఊరికి ఒక పెద్ద కంపెనీ వస్తే చాలు, అన్నీ అవే వస్తాయి కదా?

కంపెనీ రావడం మంచిదే. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగింది. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల కంపెనీలున్నాయి, చౌటుప్పల్ చుట్టూ ఫ్యాక్టరీలున్నాయి. నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ ఐటీ టవర్లు కట్టారు. కానీ గేటు బయట ఏం జరుగుతోందన్నది మన బాధ్యత. క్యాంటీన్‌కు కూరగాయలు ఎవరు వేస్తున్నారు? ఉద్యోగుల బస్సులు ఎవరివి? ఐటీఐ పిల్లలకు అక్కడ కావాల్సిన పని నేర్పుతున్నారా? యాజమాన్యంతో ఏడాదికి రెండుసార్లు కూర్చుని ఈ ప్రశ్నలు అడిగిన కౌన్సిల్‌కు ఏదో ఒకటి దక్కుతుంది. అడగని ఊరికి ఫ్యాక్టరీ పొగ, లారీల దుమ్మే మిగులుతాయి.

కంపెనీ కోసం ఎదురుచూస్తూ ఐదేళ్ళు గడిపేయడం మాత్రం తప్పు. మీ టర్మ్‌లో అది రాకపోవచ్చు. పెద్దమ్మ ఆకుకూరల గంప మాత్రం రేపు పొద్దున్నే వస్తుంది.

సడక్ మీద బండ్లు, గంపలతో ట్రాఫిక్ జామ్ అవుతోంది. తీసేయమని షాపులవాళ్ళు ఒత్తిడి చేస్తున్నారు. ఏం చేయాలి?

ముందు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టాన్ని మీరు, మీ కమిషనర్ కలిసి చదవండి. సర్వే పూర్తి చేసి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని అది స్పష్టంగా చెబుతుంది. ఐదేళ్ళకు ఒకసారైనా సర్వే చేయాలి. వేరే చోటికి మార్చాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. కమిషనర్ అధ్యక్షతన టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో 40%కి తక్కువ కాకుండా వీధి వ్యాపారులు ఎన్నుకున్న వాళ్ళే కూర్చోవాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. మీ ఊళ్ళో ఈ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో రికార్డు తెప్పించుకుని చూడండి.

ఇక షాపులవాళ్ళ మాట. వాళ్ళ కోపం అబద్ధం కాదు. కిరాయి కట్టి, ట్యాక్స్ కట్టి కూర్చున్న మనిషి ముందు బండి అడ్డంగా నిలబడితే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ జనం ఆ బజారుకు వచ్చేదే బండ్లున్నాయని. అరటిపండ్లు కొనడానికి వచ్చిన మనిషే చెప్పుల షాపులోకి తొంగిచూస్తాడు. బండ్లన్నీ ఒక్కరోజులో లేపేసిన బజార్లలో పక్క షాపుల బేరం కూడా పడిపోవడం నేను కళ్ళారా చూశాను. బండి ఎక్కడ నిలబడాలో తెల్లగీత గీసి, నంబరు వేసి, లోడు దించే టైము, బండ్ల టైము వేరు చేస్తే గొడవ చాలావరకు తగ్గుతుంది. దీనికి కావాల్సింది ఒక డబ్బా పెయింటు, ట్రాఫిక్ ఎస్సైతో ఒక మీటింగు, ఒక నెల ఓపిక.

తైబజారు వేలం ఈసారి బాగా పలికింది. మున్సిపాలిటీకి ఆదాయమే కదా?

వేలం పాటలో పెరిగిన ప్రతి రూపాయీ కాంట్రాక్టరు జేబులోంచి రాదు, గంపల మీద నుంచే వస్తుంది. గంపకు ఎంత, బండికి ఎంత, ఆటో లోడుకు ఎంత అన్నది పెద్ద అక్షరాలతో బజారు నాలుగు మూలలా బోర్డు పెట్టించండి. రసీదు లేకుండా పైసా తీసుకోవద్దని అగ్రిమెంట్‌లో రాయించండి, తప్పితే జరిమానా వేయండి. వసూలు చేసిన దాంట్లో కొంత ఆ బజారుకే తిరిగి ఖర్చు పెడతామని కౌన్సిల్ తీర్మానం చేస్తే ఇంకా మంచిది.

కోట్లు పెట్టి మార్కెట్ బిల్డింగ్ కట్టాం. ఎవరూ లోపలికి పోవడం లేదు. ఎందుకు?

ఈ ప్రశ్న అడగని పట్టణం ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నాకు దాదాపు తగల్లేదు.

ఒక పట్టణం సంగతి చెబుతాను. బిల్డింగ్ చక్కగా ఉంది. టైల్స్, ర్యాంపు, వెజ్, నాన్‌వెజ్ బ్లాకులు, అన్నీ ఉన్నాయి. ఓపెనింగ్ రోజు జనం కిటకిటలాడారు. మూడో వారానికి లోపల కుక్కలు పడుకున్నాయి. ఆడవాళ్ళంతా మళ్ళీ పాత సడక్ మీదికే వచ్చేశారు. ఆఫీసులో అందరూ ఒకటే మాట: ‘వాళ్ళకు అలవాటు మారదు సార్.’

పాత సడక్ మీద కూర్చున్న ఇరవై మందిని నిలబెట్టి కాదు, పక్కన కూర్చుని అడిగాం. అలవాటు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. హోల్‌సేల్ వేలం పాత బజారులోనే తెల్లారుజామున జరుగుతోంది, అక్కడ కొన్న బస్తాను కొత్త మార్కెట్‌దాకా తీసుకుపోవాలంటే మళ్ళీ ఆటోకు నలభై. కొత్త మార్కెట్ దగ్గర ఊళ్ళకు పోయే ఆటోలు ఆగవు, అందుకే కొనేవాళ్ళు రారు. గద్దెలు నడుమెత్తు ఉన్నాయి, నేలమీద కూర్చుని అమ్మే ముసలివాళ్ళు ఎక్కలేరు. టాయిలెట్ ఉంది, తాళం వాచ్‌మన్ దగ్గర ఉంది.

తర్వాత చేసింది ఇదీ. మొదట హోల్‌సేల్ వేలాన్ని కొత్త మార్కెట్ ఆవరణలోకి తెచ్చారు. ఆటో యూనియన్‌తో మాట్లాడి గేటు ముందు స్టాండు పెట్టించారు. ఒక బ్లాకులో గద్దెలు తగ్గించారు. టాయిలెట్ తాళం ఒక మహిళా సంఘానికి ఇచ్చారు. చిల్లర అమ్మేవాళ్ళు తమంతట తామే నడిచొచ్చారు, పోలీసు అవసరం పడలేదు. కొత్త మార్కెట్ కట్టబోతుంటే ఈ మాట ముందే గుర్తుపెట్టుకోండి: హోల్‌సేల్ ఎక్కడుంటే చిల్లర అక్కడ, ఆటో ఎక్కడ ఆగితే గిరాకీ అక్కడ. ప్లాన్ మీద సంతకం పెట్టకముందే ఆ పేపరు తీసుకుపోయి ఆకుకూరల అమ్మలకు చూపించండి.

గిరిగిరి అప్పుల నుంచి వీళ్ళను ఎట్లా బయటపడేయాలి?

పొద్దున తొమ్మిది వందలు, సాయంత్రం వెయ్యి అంటే ఒక్కరోజుకే పదకొండు శాతం దాటిన వడ్డీ. దీనికి ఎదురు నిలబడగలిగేది ప్రస్తుతం వీధి వ్యాపారులకు అప్పు ఇప్పించే కేంద్ర పథకం, పీఎం స్వనిధి. 2020 జూన్‌లో కరోనా టైములో మొదలైంది. 2025 ఆగస్టులో మార్పులు చేసి 2030 మార్చి దాకా పొడిగించారు. మొదటి విడత రూ.15,000, అది కడితే రూ.25,000, ఆ తర్వాత రూ.50,000. తాకట్టు లేదు, టైముకు కడితే 7% వడ్డీ రాయితీ వస్తుంది.

కానీ కాగితం మీద పథకం ఉండటం వేరు, బ్యాంకు మేనేజరు సంతకం పెట్టడం వేరు. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీలు, అంటే రిసోర్స్ పర్సన్లు, అప్లికేషన్లు నింపుతారు, బ్యాంకు దగ్గర అవి ఆగుతాయి. ‘ఇంతకుముందు అప్పు కట్టలేదు’ అనో, ‘సిబిల్ (అప్పుల చరిత్ర స్కోరు) లేదు’ అనో తిప్పి పంపుతారు. ఇక్కడ కౌన్సిలర్ అవసరం ఉంది. నెలకోసారి ఛైర్‌పర్సన్ ఛాంబర్‌లో బ్యాంకు మేనేజర్లను కూర్చోబెట్టి, ఆగిన అప్లికేషన్లను పేరు పేరునా చదివించండి. పేరు చదివితే కాగితం కదులుతుంది, సంఖ్య చదివితే కదలదు.

ఇంకో జాగ్రత్త. మొదటి అప్పు వచ్చిన రోజే గిరిగిరి ఫైనాన్షియర్ ఇంటికొచ్చి పాత బాకీ కింద అంతా లాక్కుపోయిన ఇళ్ళున్నాయి. అప్పు ఇప్పించే ముందు పాత బాకీ ఎంతో సంఘం లీడరు అడిగి తెలుసుకోవాలి, దాన్ని తీర్చే పద్ధతి కూడా సంఘంలోనే మాట్లాడాలి.

మాది చేనేత ఊరు. మగ్గాలు తగ్గిపోతున్నాయి. కౌన్సిల్ ఏం చేయగలదు?

ఈ జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఎందుకంటే మన దగ్గర ఉన్న అసలైన ఆస్తి ఇదే. భూదాన్ పోచంపల్లి ఇక్కత్, గద్వాల చీర, నారాయణపేట చీర, పుట్టపాక తేలియా రుమాలు. ఒక్క దక్షిణ తెలంగాణలోనే ఇన్ని చేతి పనులున్నాయి. గద్వాల చీరలో ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ పోగుపోగునా కలిపే కుప్పడం పని తెలిసిన చేతులు ఒకసారి పోతే తిరిగి రావు.

పోచంపల్లి అనగానే 1951లో వినోబా భావే, వంద ఎకరాలిచ్చిన వెదిరె రామచంద్రారెడ్డి గుర్తొస్తారు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలోనూ ఆ పేరు చేరింది. పేరుకు కొదవ లేదు. కష్టం ఎక్కడంటే, ఆ పేరుతో మరమగ్గాల మీద, ప్రింట్ల మీద తయారైన చీర మూడో వంతు ధరకు దొరుకుతోంది. కొనేవాళ్ళు తేడా గుర్తుపట్టలేకపోతున్నారు.

కౌన్సిల్ చేయగలిగినవి ఉన్నాయి. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చినంత మాత్రాన నేతకారుడికి లాభం రాదు. అతను వ్యక్తిగతంగా అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. చాలామంది కాలేదు. వార్డులోనే రెండు రోజుల క్యాంపు పెట్టి, చేనేత శాఖ మనుషులను రప్పించి, ఆ ఫారాలు నింపించండి. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం 11 రకాలను చేనేతకే కేటాయించింది. మీ బజారులో వాటిని మరమగ్గం మీద నేసి చేనేత అని అమ్ముతుంటే చేనేత శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మెయిన్ రోడ్డు మీద ఉన్న మున్సిపల్ షాపుల్లో రెండింటిని వేలంలో పెట్టకుండా, నిబంధనల ప్రకారం నేతకారుల సంఘానికి తక్కువ కిరాయికి ఇవ్వగలరేమో చూడండి. అద్దకం నీళ్ళు మోరీల్లోకి పోతుంటే దానికో దారి చూపడం కూడా మీ పనే.

పనిముట్టు గురించి ఒక మాట. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, ఆసు పోసే (అద్దకానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే) అమ్మ చేతినొప్పి చూడలేక ఏళ్ళతరబడి కష్టపడి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేతిని వేలసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాలి. ఆ పని ఇంట్లో ఆడవాళ్ళదే. ఆ ఒక్క మెషీన్‌తో వాళ్ళ భుజాలకు ఊరట దొరికింది, మగ్గం మీద చీరలూ పెరిగాయి. మీ ఊళ్ళోనూ ఏ పని దగ్గర చేతులు నొప్పి పెడుతున్నాయో, ఎక్కడ టైము పోతోందో తెలిసిన మనిషి ఉంటాడు. అతనికి ఒక చిన్న షెడ్డు, కరెంటు కనెక్షన్ ఇప్పించగలిగితే అంతకన్నా మంచి పెట్టుబడి నాకు తెలియదు.

బత్తాయి, నిమ్మ, మామిడి, పల్లి పండిస్తాం. లాభం మాత్రం బయటివాళ్ళకే పోతోంది.

నల్లగొండ బత్తాయి ఢిల్లీ దాకా పోతుంది. నకిరేకల్‌లో నిమ్మ మార్కెట్ ఉంది. కొల్లాపూర్ మామిడికి పేరుంది. వనపర్తి, గద్వాల వైపు పల్లి పండుతుంది. కాయ కాయలాగే లారీ ఎక్కితే మనకు మిగిలేది కోతకూలి, హమాలీ కూలి, కమీషన్. పల్లిని ఒలిచి, వేయించి, చిక్కీ చేసి, నూనె గానుగ పట్టి అమ్మితే ఆ పైసలు ఊళ్ళోనే ఆగుతాయి.

చిన్న ఆహార యూనిట్లకు పీఎం ఎఫ్‌ఎంఈ పథకంలో ఖర్చులో 35%, గరిష్ఠంగా రూ.10 లక్షల దాకా సబ్సిడీ ఉంది. సంఘాల సభ్యులకు ఒక్కొక్కరికి రూ.40,000 దాకా మూల పెట్టుబడి ఇస్తారు. పథకాల గడువులు మారుతుంటాయి కాబట్టి అప్లై చేసేముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. మున్సిపాలిటీ వంతుగా ట్రేడ్ లైసెన్సు ఆలస్యం చేయకుండా ఇవ్వండి. చిన్న వ్యాపారాలు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితమని, దానికి దళారీకి పైసా ఇవ్వొద్దని బోర్డు పెట్టించండి. మీసేవ పక్కన వెయ్యి రూపాయలకు ‘ఉద్యమ్ చేయిస్తాం’ అని కూర్చున్నవాళ్ళు చాలామంది అమాయకులను ముంచుతున్నారు.

మా ఊరు ఒక్క పరిశ్రమ మీదే నడుస్తోంది. భయపడాలా?

మిర్యాలగూడను చూడండి. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక ఎడమ కాలువ కింద వరి వచ్చింది, వరి వెనక రైస్ మిల్లులు వచ్చాయి, వాటి వెనక లారీలు, హమాలీలు, తవుడు నూనె, గోనెసంచులు. ఒక పంట ఒక పట్టణాన్నే నిలబెట్టింది. కానీ సాగర్‌లో నీళ్ళు తగ్గిన ఏడాది ఊరంతటికీ టెన్షనే. మిల్లు చుట్టూ ఇంకా ఏం చేయొచ్చో వెతకాలి. మిల్లు మెకానిక్కులకు వర్క్‌షాపులు, స్పేర్ పార్టులు, పొట్టుతో ఇటుకలు. ఉన్న నైపుణ్యానికి పక్కనే ఉండే పనులే ముందు నిలబడతాయి.

మా పిల్లలంతా హైదరాబాద్‌కో, బొంబాయికో పోతున్నారు.

పాలమూరు (మహబూబ్‌నగర్) లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, రోడ్లు తవ్విన చేతులవి. నారాయణపేట, కోస్గి వైపు బొంబాయి బస్సు ఎక్కని ఇల్లు తక్కువ. అందరినీ ఆపడం మన వల్ల కాదు. తిరిగొచ్చినవాళ్ళను మాత్రం పట్టించుకోవచ్చు. పదేళ్ళు బొంబాయిలో సెంట్రింగ్, టైల్స్, ప్లంబింగ్ పని చేసి పండక్కి వచ్చిన మనిషి ‘ఊళ్ళో పనుంటే ఉండిపోతా అన్నా’ అంటాడు. ఉగాదికి, దసరాకు ఊరికొచ్చినప్పుడు వాళ్ళ పేర్లు, పనులు రాసుకునే రిజిస్టరు వార్డు ఆఫీసులో పెట్టండి. ఇల్లు కట్టేవాళ్ళకు, కాంట్రాక్టర్లకు అది ఇవ్వండి. దీనికి పెద్ద ఖర్చేం కాదు.

మున్సిపాలిటీ దగ్గర డబ్బే లేదు. ఇవన్నీ ఎట్లా?

పైన చెప్పిన వాటిలో సగానికి డబ్బు అవసరం లేదు. అయినా ఆదాయం సంగతి చూడాలి. ఏప్రిల్‌లో ఇంటిపన్ను కడితే 5% రాయితీ ఉందని ఆటోలో మైకు పెట్టి చెప్పించండి. మున్సిపల్ షాపుల కిరాయిలు ఏ సంవత్సరంలో ఆగిపోయాయో చూడండి. అసలు షాపు తీసుకున్న మనిషి ఒకరు, లోపల కూర్చున్నది ఇంకొకరు, మధ్యలో కిరాయి తినేది మరొకరు, ఇది చాలా ఊళ్ళలో ఉంది. తీయడం కష్టం, ఎందుకంటే ఆ మధ్యలోని వాళ్ళు మనకు తెలిసినవాళ్ళే అయి ఉంటారు.

ఇంకోటి, బిల్లులు. సరుకు వేసిన, సేవ చేసిన చిన్న సంస్థలకు 45 రోజులు దాటకుండా డబ్బులు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే చక్రవడ్డీ కూడా. మున్సిపాలిటీ ఆరు నెలలు బిల్లు ఆపితే ఊళ్ళో ఎలక్ట్రికల్ షాపు నడిపే మనిషి గిరిగిరి దగ్గరికే పోతాడు. స్థానిక వ్యాపారానికి సాయం చేయాలని నిజంగా ఉంటే ముందు బాకీ తీర్చండి.

జాతరలు, టూరిజం?

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు, చెర్వుగట్టు, కురుమూర్తి, మన్యంకొండ, అలంపూర్ జోగులాంబ, పిల్లలమర్రి. జనం లక్షల్లో వస్తారు, వచ్చిన దారినే పోతారు. వాళ్ళు ఇంకో రెండు గంటలు పట్టణంలో ఉండాలంటే శుభ్రమైన టాయిలెట్, కూర్చోవడానికి నీడ, తాగడానికి నీళ్ళు ఉండాలి. ఆ తర్వాతే ‘ఐ లవ్’ అక్షరాల సెల్ఫీ పాయింట్లు.

నేను మహిళా కౌన్సిలర్‌ని. మీటింగులకు మా ఆయన్నే పిలుస్తున్నారు.

మున్సిపాలిటీల్లో సగం సీట్లు ఆడవాళ్ళవి. నోటీసు మీ పేరు మీద వస్తుంది, సంతకం మీది. కూరగాయల బజారులో కూర్చునేవాళ్ళలో, పొదుపు సంఘాల్లో, ఆసు పోసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళు తమ లెక్క మీకు చెప్పినంత దాపరికం లేకుండా మీ ఆయనకు చెప్పరమ్మా. మొదటి నెల మీటింగులకు మీరే పోండి, పక్క వార్డు కౌన్సిలరమ్మను వెంట తీసుకుపోండి. ఇద్దరు కలిసి కూర్చుంటే పిలుపు దానంతటదే మారుతుంది.

పని సాగుతోందో లేదో ఎట్లా తెలుస్తుంది?

మొదటిరోజు నోట్‌బుక్‌లో రాసుకున్న లెక్కే మళ్ళీ ఆరు నెలలకు రాయండి. మూసిన షట్టర్లు తగ్గాయా? రాత్రి తొమ్మిదికి బజారులో ఎన్ని లైట్లు వెలుగుతున్నాయి? స్వనిధి రెండో విడతకు ఎంతమంది చేరారు? రెండో విడత అంటే మొదటిది కట్టారని అర్థం, అది అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు. పెద్దమ్మ గోనెసంచి దగ్గర కూర్చుని మళ్ళీ ఒకసారి అడగండి.

వచ్చే కౌన్సిల్ మీటింగ్‌లో ఏం పెట్టమంటారు?

టౌన్ వెండింగ్ కమిటీ మీటింగ్ తేదీ, తైబజారు రేట్ల బోర్డు, 45 రోజులు దాటిన బిల్లుల జాబితా. ఈ మూడూ చాలు. కమిటీ మీటింగ్ మాత్రం ఆఫీసు అలవాటు ప్రకారం సాయంత్రం నాలుగింటికి పెట్టకండి, అప్పుడే సాయంత్రం బేరం మొదలవుతుంది. మధ్యాహ్నం రెండింటికి పెట్టండి. బజారువాళ్ళకు అప్పుడే కాస్త తీరిక.